నల్లగొట్టంలో పసుపు చుక్క

మొదటే చెప్పేస్తాను. నేను రాయాల్సిన వాక్యం ఒకటి ఉంది: "వెనక మూత తీసి చూడకుండా సంతకం పెట్టాను." లెక్కపెడితే ఆరు మాటలు. ఆ ఆరు మాటలు సమయానికి రాయలేదు కాబట్టి ఒక మనిషి పని పోయింది. ఆమెకు మళ్లీ పని దొరకాలన్నా ఆ ఆరు మాటలే కావాలి. అవి రాసి ఇవ్వాల్సిన చోట ఇద్దామంటే చెయ్యి అటు పోదు. అందుకే ఇలా చుట్టూ తిరిగి రాస్తున్నాను.

మా షెడ్డు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, మందుల కంపెనీల గోడల వెనక, ట్యాంకర్లు తిరగలేక డ్రైవర్లు ఒకరినొకరు తిట్టుకునే సందులో ఉంది. మొత్తం పద్నాలుగు మందిమి. నాది క్వాలిటీ. అంటే మిగతా పదముగ్గురూ చేసిన దాంట్లో వంక పెట్టడం నా ఉద్యోగం. దానికి నేను పుట్టుకతోనే పనికొస్తానని మా ఆవిడ అంటుంది. కూరలో ఉప్పు తగ్గితే తినేసి ఊరుకునే మనిషిని కాను, ఎంత తగ్గిందో చెప్పే మనిషిని. షెడ్డులో నా వెనక నన్ను "మైక్రోమీటరు సారు" అంటారని తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాణ్ని కూడా.

చాలాకాలం మేము వాల్వులూ పంపు షాఫ్టులూ చేసేవాళ్లం. ఆ పని తగ్గిపోతున్న రోజుల్లో బెంగళూరు నుంచి ఒక చిన్న కంపెనీ వచ్చింది. వాళ్లు అంతరిక్షంలోకి ఒక నౌకను పంపుతున్నారు. దాని విశేషం ఏమిటంటే, అది కిందనున్న మనల్ని అడగకుండా తన దారి తానే వెతుక్కుంటుంది. అక్కడ మైలురాళ్లు ఉండవు. ఉత్తరం దక్షిణం ఉండవు. మనం ఇక్కడినుంచి "ఇటు తిరుగు" అని చెబుదామన్నా, అంత దూరం మాట చేరేసరికి తిరగాల్సిన చోటు దాటిపోయి ఉంటుంది. అందుకని దానికి ఒక కెమెరా పెడతారు. అది చుక్కల్ని చూస్తుంది. ఏ చుక్కకు ఏ చుక్క ఎంత దూరంలో ఉండాలో దాని జ్ఞాపకంలో ముందే ఉంటుంది. చూసినదాన్నీ గుర్తున్నదాన్నీ పోల్చుకుని తాను ఎటు తిరిగి ఉన్నానో తెలుసుకుంటుంది. ఆ చుక్కల మధ్య గ్రహాలు ఎక్కడ కనిపిస్తున్నాయో చూసి, తాను ఎక్కడ ఉన్నానో కూడా లెక్కకట్టుకుంటుంది.

చుక్కల వెలుగు చాలా సన్ననిది. పక్కనుంచి సూర్యుడు కాస్త తొంగిచూసినా కెమెరాకు చుక్కలు మాయమైపోతాయి. అందుకే కెమెరా ముందు ఒక గొట్టం బిగిస్తారు. గొట్టం లోపల అంచెలంచెలుగా రింగులు, అంతటా ఒక ప్రత్యేకమైన నల్లరంగు. పక్కనుంచి వచ్చిన ఎండ ఆ రింగుల మధ్య చిక్కుకుని అక్కడే చావాలి. డ్రాయింగులో దానికేదో పెద్ద ఇంగ్లిషు పేరు ఉంది. మా షెడ్డులో మాత్రం నల్లగొట్టం.

ఆ నల్లరంగు వేసేది ఒకామె. హత్నూర వైపు సాగు చేసుకునే కుటుంబం. బోర్లు ఎండి, పంపకాల్లో పొలం ముక్కలై, మరుదులతో మాటామాటా పెరిగి, "నా చేతుల మీద నేను బతుకుత" అని వాళ్ల ముందే అనేసి, భర్తతో మా షెడ్డుకు దగ్గర్లోని చిట్కుల్ వచ్చి ఒక గది కిరాయికి తీసుకుంది. భర్త ఒక గోదాములో లోడింగు పని చేస్తాడు. ఈమె మొదట మా దగ్గర ఊడ్చే పనికి వచ్చింది. ఒకరోజు రంగు వేసే మనిషి రాకపోతే స్ప్రే గన్ తాను పట్టుకుంది. తర్వాత ఆ గన్ మేము ఇంకెవరికీ ఇవ్వలేదు. ఏళ్లతరబడి పత్తి ఏరిన చేతులు. రింగు అంచు మీద రంగు కారేది కాదు, మూలల్లో పలచబడేది కాదు. వంక పెట్టడానికి జీతం తీసుకునే నేను, ఆమె పనిలో వంక వెతికి వెతికి అలిసిపోయాను.

ఇక చుక్క సంగతి. మా షెడ్డులో ఎవరి పని వాళ్లు పూర్తిచేసి, సరిచూసుకుని, పీసు మీద తమ రంగు చుక్క పెట్టాలి. లేతు మిషను వాళ్లది ఎరుపు, డ్రిల్లింగుది నీలం, పెయింటింగుది పసుపు. ఆ పద్ధతి పెట్టింది నేనే. చుక్క లేని పీసు నా బల్ల మీదికి వచ్చిందా, ఆ పూట ఎవరికో ఒకరికి పట్టపగలే చుక్కలు చూపించేవాణ్ని. "చుక్క పడ్డదా?" అనడం మా దగ్గర "బాగున్నవా?" అన్నంత మామూలైపోయింది. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి తొక్కు పచ్చడి లేకపోతే "దీనికి చుక్క పడలేదురా" అని నవ్వుకునేవారు.

నల్లగొట్టానికి మాత్రం బయట ఎక్కడా ఏ గుర్తూ పెట్టొద్దని బెంగళూరు వాళ్లు రాశారు. బయటి పూత పాడవుతుందట. మొదటి నమూనా గొట్టం నా కళ్ల ముందే తయారైంది. చుక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. దాన్ని నేనే ఒళ్లో పెట్టుకుని బెంగళూరు తీసుకెళ్లాను. అది వాళ్ల చీకటిగదిలో దీపాల పరీక్షలన్నీ నెగ్గింది. ఆ నమ్మకంతో అసలైనవి నాలుగు ఆర్డరిచ్చారు. ఆ నాలుగింటినీ చీకటిగదిలో పెట్టబోమని, నా తనిఖీ కాగితం చాలని చెప్పారు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఆ నాలుగింటికీ రంగు పూర్తయిన రోజు, ఆమె పెయింటు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ఫోన్లో ట్రాన్స్‌పోర్టు వాళ్లతో గొడవపడుతున్నాను.

"సారూ, బయట చుక్క పెట్టొద్దన్నరు గద?"

"వద్దు. బయట ముట్టుకోకు."

"మరి చుక్క?"

ఇక్కడే నా తెలివి పొంగిపొర్లింది. మా నాన్న ఒక ఫ్యాక్టరీ ప్లాంటులో ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడే, అయినా నోరు తెరిస్తే "ఆంధ్రా సారు" అనిపించుకుంటాను. అందుకని పనివాళ్లతో వాళ్ల మాటే మాట్లాడాలని నాకో పట్టుదల. నక్షత్రం అంటే ఆమెకు అర్థంకాదన్నట్టు, చుక్క అని అనువదించి మరీ చెప్పాను. తాను చేసే పని ఎంత గొప్పదో ఆమెకు తెలియాలని, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను.

"గీ గొట్టమంటే ఏందనుకున్నవ్? మీద ఆకాశంల తోవ జూపేది. లోపల చుక్క కనబడాలె. చుక్క మంచిగ కనబడితేనే పాస్. లేకుంటే అంతా బేకార్."

"లోపలనా సారూ? మూతి కాడనా, అడుగుకా?"

కెమెరా ఎక్కడ ఉంటుందని అడుగుతోందనుకున్నాను. "అడుగుకే. కెమెరా గాడనే ఉంటది. గాడికెల్లి చూస్తే కనబడాలె."

"సరే సారూ," అని లోపలికి వెళ్లిపోయింది. నేను ట్రాన్స్‌పోర్టు వాణ్ని తిట్టడం కొనసాగించాను.

నోరు జారితే వెనక్కి తీసుకోలేమంటారు. నాకు నోరు జారిందని కూడా తెలియలేదు.

సాయంత్రానికి నాలుగు గొట్టాలూ నా బల్ల మీదికి వచ్చాయి. లోపలికి దుమ్ము పోకుండా వెనక మూతలు బిగించి, చుట్టూ టేపు వేసి ఉన్నాయి. ముందువైపు నుంచి టార్చి వేసి చూశాను. నల్లగా, ఎక్కడా మెరుపు లేకుండా, ఎంతో బాగున్నాయి. వెనకనుంచి కూడా చూడాలి. టేపు విప్పి, మూత తీసి, చూసి, మళ్లీ శుభ్రంగా మూసి టేపు వేయాలంటే ఒక్కోదానికి పావుగంట. గేటు దగ్గర బండివాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఆమె చేతి మీద నాకు నమ్మకం. ఫారంలో "రెండువైపులా చూడబడినది" అన్న గడిలో నాలుగుసార్లు టిక్కు పెట్టి నాలుగుసార్లు సంతకం చేశాను. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో చూడకుండా పెట్టిన సంతకాలు అవేనని రాసుకోవాలని ఉంది. అది కూడా నిజం కాదు.

పది రోజుల తర్వాత, పదకొండు గంటల టీ అప్పుడు, ఆమె నా దగ్గరికి వచ్చి అడిగింది.

"సారూ, ఆళ్లకు చుక్క కనబడ్డదంటనా?"

నాకు నవ్వొచ్చింది. "ఇంకా మీదికి పోలేదమ్మా. పోయినంక కనబడ్తయ్."

"మీదికి పోవుడేంది సారూ? మూత ఇప్పితే కనబడ్తది గద. అడుగు రింగుకు పెట్టిన. జెర పెద్దగనే పెట్టిన, మల్ల కనబడలేదంటరని."

"ఏం పెట్టినవ్?"

"చుక్క. పసుపుది. నాలుగింటికి."

అక్కడున్న డ్రమ్ము మీద కూలబడ్డాను. ఆమె కంగారుపడి నీళ్లు తెచ్చింది. నీళ్లు తాగుతూ ఆమె పెట్టిన చోటును ఊహించుకున్నాను. చివరి రింగుకు లోపలివైపు, సరిగ్గా కెమెరాకు ఎదురుగా. ముందునుంచి చూసేవాడికి జన్మలో కనబడదు. కెమెరాకు మాత్రం ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. ఎండ కాస్త లోపలికి సోకగానే ఆ పసుపు మెరుస్తుంది. కెమెరా దాన్ని చుక్క అనుకుంటుంది. తన జ్ఞాపకంలో లేని చుక్క కోసం ఆకాశమంతా వెతుకుతుంది. తప్పుగా తిరుగుతుంది. దారి తప్పితే అడగడానికి ఎవరూ ఉండరు. ఎవరినీ అడగకుండా వెళ్లాలనే కదా దాన్ని తయారుచేసింది.

ఆమె ఏమీ తప్పు చేయలేదు. నేను చెప్పింది చెప్పినట్టు, చెప్పిన చోట, చక్కగా చేసింది. ఆ క్షణంలో నాకది స్పష్టంగా తెలుసు. ఆ తర్వాత జరిగినదంతా తెలియక జరిగింది కాదు.

ఓనరు నాకంటే పదేళ్లు చిన్నవాడు. ఇక్కడి రైతుబిడ్డే, తమ చేనులోనే ఈ షెడ్డు కట్టుకున్నాడు. చెప్పగానే తల పట్టుకున్నాడు. కానీ దాచుదామని అనలేదు, అది ఒప్పుకోవాలి.

"ఫోన్ జెయ్యి అన్నా. ఇప్పుడే జెయ్యి. మీదికి పోయినంక కరాబైతే మన మొఖం ఎవ్వలు జూస్తరు?"

చేశాను. అవతల ఉన్నది ఒక యువ ఇంజినీరు, తెలుగమ్మాయే. నేను చెప్పినదంతా రాసుకుని, గొట్టాలు ఎక్కడున్నాయో కనుక్కుంది. తర్వాత చెప్పింది. మూడు గొట్టాలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి, వెనక్కి పంపిస్తారు. నాలుగోది నౌకకు బిగించేశారు. దాని చుట్టూ మిగతావన్నీ బిగించి మూసేశారు. నౌక వాళ్ల దగ్గరనుంచి ప్రయోగించే చోటికి బయలుదేరింది కూడా. ఇప్పుడు విప్పడం కుదరదు.

"మేం చూస్తాం సర్. మీరు కారణాల ఫారం నింపి పంపండి," అంది.

ఆ ఫారం గురించి ఫ్యాక్టరీల్లో పనిచేసిన అందరికీ తెలుసు. దాన్ని మేము "వై-వై" అంటాం. తప్పు జరిగితే ఐదుసార్లు "ఎందుకు?" అని అడగాలి. ప్రతి జవాబు కింద మళ్లీ "ఎందుకు?". ఐదోసారికి అసలు మూలం దొరుకుతుందని లెక్క. మూడోదానికే నాకు దొరికిపోయింది. "చుక్క ఎందుకు ఉంది?" పెయింటరు పెట్టింది. "ఎందుకు పెట్టింది?" సూచన సరిగా అర్థంకాక. "తనిఖీలో ఎందుకు దొరకలేదు?"

దాని ఎదురుగా ఖాళీ గీత. నేను చెప్పిన ఆరు మాటలు సరిగ్గా ఆ గీతలో పడతాయి.

ఓనరు నా భుజం వెనక నిలబడి అన్నాడు. "అన్నా, గీ ఆర్డర్ పోతే షెడ్డు బంద్. మనిషి తప్పంటే మనిషిని మారుస్తం, అయిపాయె. తనిఖీల తప్పుంటే ఆడిట్ కొస్తరు, పాత కాగితాలన్ని తీస్తరు." కాస్త ఆగి, మామూలుగా అడిగాడు. "నువ్వైతే మూత దీసి సూసినవ్ గద?"

"చూశాను," అన్నాను.

ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఆయన నన్ను అనుమానించి కూడా అడగలేదు. నా మీద ఉన్న గౌరవంతో, జవాబు తెలుసన్నట్టు అడిగాడు. ఆ గౌరవం పోతుందన్న భయం తప్ప ఇంకో కారణం లేదు. చూశానని ఒకసారి అన్నాక గీతలో రాయడానికి ఒకటే మిగిలింది. "తనిఖీ తరువాత పెట్టబడి ఉండవచ్చు" అని రాశాను. ఆ "ఉండవచ్చు" పెట్టేటప్పుడు నాకు కొంచెం ఊరటగా కూడా అనిపించింది. పూర్తి అబద్ధం కాదు కదా అని.

అయితే "వై-వై" అక్కడ ఆగదు. తనిఖీ తర్వాత పెట్టాలంటే ఎవరో టేపు విప్పాలి. ఎందుకు? కావాలని. రెండో గడిలో రాసినదాంతో పొసగకపోయినా, నాలుగో గడి దానంతటదే నిండింది. ఐదో గడిలో, పరిష్కారం: పెయింటరును పనినుంచి తొలగించడమైనది.

ఫారం కింద పెయింటరు సంతకం కూడా ఉండాలి. పిలిపించాను. చేతులకు నల్లరంగుతో వచ్చింది. తెలుగు చదువుతుంది, ఇంగ్లిషు రాదు.

"ఏం రాసిండ్రు సారూ?"

"చుక్క నువ్వు పెట్టినట్టు రాసిన."

"పెట్టింది నేనే గద," అని సంతకం చేసింది. పేరు పూర్తిగా, గుండ్రంగా, గీత దాటకుండా రాసింది. నేను కాగితం వెనక్కి తీసుకుంటూ ఆమె మొహం చూడలేదు.

శనివారం ఓనరు ఆమెను పిలిచి, సోమవారం నుంచి రావద్దన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. మూసిన డబ్బా విప్పి చుక్క పెట్టావని. ఆమె ఆయనతో ఏమీ అనలేదు. పెయింటు గదిలోకి వచ్చి గ్లవుజులు తీసి మేకుకు తగిలించింది. నేను అక్కడే ఉన్నాను. వేరే ఎవరూ లేరు.

"సారూ, ఏడ పెట్టాలె అని నేను అడిగిన గద?"

"అడిగినవ్," అన్నాను.

ఇంకా ఏదో చెబుతాననుకుని కాసేపు నిలబడింది. ఓనరు గది పది అడుగుల దూరంలో ఉంది. నేను కదల్లేదు. ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, తిన్నది గుర్తులేదు. ఒకరోజు మా ఆవిడ కూరలో ఉప్పే వేయలేదట. నేను మొత్తం తిని లేచానట. ఆమె భయపడి డాక్టరు దగ్గరికి వెళ్దామంది. షెడ్డులో కొత్తగా వచ్చిన పెయింటరు మూడు గొట్టాల లోపలి రంగు గీకి మళ్లీ వేశాడు. రెండింటిలో రింగుల అంచున రంగు కారింది. వాణ్ని తిట్టకుండా, మళ్లీ గీకి వేయమని మాత్రం చెప్పాను. నాలుగో గొట్టం గురించి రోజూ ఆలోచించేవాణ్ని. అది పాడైపోతే నా పాపం బయటపడుతుందని భయం. పాడవకపోతే ఆమెను ఊరికే బలిచేశానని ఇంకో భయం.

చివరికి ఇంజినీరమ్మాయి ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది.

"సర్, సమస్య తీరిపోయింది. నౌకను ఇటూ అటూ తిప్పితే చుక్కలన్నీ కలిసి జరుగుతాయి కదా. మీ పసుపు చుక్క మాత్రం జరగదు, ఉన్నచోటే ఉంటుంది. జరగనిదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని సాఫ్ట్‌వేర్లో చెప్పేశాం. నమూనా గొట్టంలో అలాంటి చుక్కే పెట్టి చీకటిగదిలో చూశాం. పొరపాటున కూడా దాన్ని చుక్క అనుకోవడం లేదు. ఒక్క పూట పని, అంతే."

"ఒక్క పూటా?"

"అంతే సర్. మీరు చెప్పబట్టి తెలిసింది. థాంక్స్."

"మరి ఆమె సంగతి?" అని అడిగాను.

"ఏ ఆమె సర్?"

ఫారంలో ఆమె పేరు ఉంది, సంతకం ఉంది. ఈ అమ్మాయి దాన్ని చదివి ఉండదు, లేదా చదివి మరిచిపోయి ఉంటుంది. ఫారం మూసేశామని మాత్రం చెప్పింది. ఎంతో మంచి పిల్ల. ఆమె మీద నాకు కోపం వచ్చిందంటే నా బుద్ధి ఎలా ఉందో చూడండి.

వెంటనే ఓనరు దగ్గరికి వెళ్లి, ఆమెను మళ్లీ తీసుకుందామన్నాను. "ఎట్ల తీసుకుంటం అన్నా? తొలగించినం అని రాసిచ్చినం. రేపు ఆళ్లొచ్చి సూస్తే?" అన్నాడు. అప్పుడు కూడా చెప్పవచ్చు. చెప్పలేదు.

ఆదివారం పొద్దున చిట్కుల్ వెళ్లాను. వరసగా గదులు, ముందు అందరికీ కలిపి ఒక నల్లా. ఆమె బట్టలు పిండుతోంది. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసింది. భర్త పనికి పోయాడు. పని కోసం అన్ని కంపెనీల గేట్లూ తిరిగానని చెప్పింది.

"ఎందుకు తీసిండ్రని అడుగుతరు సారూ. చుక్క పెట్టినందుకు అంటే నవ్వుతరు. ఏదో దొంగతనం జేసి గిట్ల చెప్తుందనుకుంటరు."

హత్నూర రోడ్డులో ఒక కోటింగు కంపెనీలో మాత్రం ఆమె చేతి పని చూసి మెచ్చుకున్నారట. పాత సారుతో మాట్లాడి పిలుస్తామన్నారట. "ఈ నెల సూస్త. కాకుంటే ఊరికే పోవాలె. ఎవ్వల ముంగట మాటన్ననో ఆళ్ల ముంగటనే నిలబడాలె," అని ఇంకో బట్ట తీసి పిండసాగింది. అప్పుడు చెప్పాను. ఆమెకైనా చెప్పాలనిపించింది. మూత తీయకుండానే సంతకం పెట్టానన్నాను.

"నాకెర్కే సారూ," అంది. "టేపు నేనే ఏసిన. బండికి ఎక్కిచ్చింది నేనే. నేనేసిన టేపు గట్లనే ఉండె."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఎవ్వలు నమ్ముతరు? సంతకం మీది ఉండె."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే మంచిమాట చెప్పమంది. తప్పకుండా చెబుతానని, అవసరమైతే రాసిస్తానని మాట ఇచ్చి వచ్చాను.

ఆ కంపెనీవాళ్లు మర్నాడే ఫోన్ చేశారు. ఆమె పని గురించి చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. అంతా విని అవతలాయన "మరి అంత మంచి మనిషిని ఎందుకు తీసేశారు?" అన్నాడు. "తప్పు నాది. ఆమెది కాదు," అన్నాను. ఎన్ని రోజుల తర్వాతో గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

"సంతోషం సర్. ఆ ముక్కే కంపెనీ కాగితం మీద రాసి, స్టాంపు వేసి పంపండి. మా ఫైల్లో ఉండాలి," అన్నాడు.

కాగితం నా సొరుగులోనే ఉంటుంది. స్టాంపు ఓనరు దగ్గర ఉంటుంది. చదవకుండా ఆయన స్టాంపు వేయడు. ఆ రోజే నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిదాంట్లో ఆమె చాలా మంచి పనిమంతురాలని రాశాను. రెండోదాంట్లో అపార్థం వల్ల జరిగిందని రాశాను. మూడోదాంట్లో తనిఖీలో లోపం ఉందని, ఆ లోపం ఎవరిదో చెప్పకుండా రాశాను. నాలుగోదాంట్లో ఆరు మాటలూ రాశాను. అది తీసుకుని ఓనరు గది దాకా వెళ్లి, ఆయన తలెత్తి "ఏందన్నా?" అంటే, రేపు డ్రిల్లు బిట్లు తెప్పించాలని చెప్పి వచ్చేశాను.

పదమూడు మంది పొట్ట మీద కొట్టకూడదని నాకు నేను చెప్పుకుంటాను. అది వట్టిమాట. యాభైనాలుగేళ్లకు నాకెవరిస్తారు పని అని చెప్పుకుంటాను. అదీ పూర్తి నిజం కాదు. చూడకుండా సంతకం పెట్టేవాణ్నని ఆ షెడ్డులో ఒక్కడికి తెలిసినా నేను బతకలేననిపిస్తుంది. ఇంత సిగ్గుమాలిన పని చేసినవాడికి ఆ పాటి సిగ్గు ఎందుకు మిగిలిందో నాకు అర్థంకాదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది.

"సారూ, కాయితం పంపిండ్రా? ఆళ్లు అడుగుతున్నరు."

"పంపిన," అన్నాను.

"మంచిది సారూ. అయితే ఇగ ఏడికి పోను. ఇంటికాడనే ఉంట, ఆళ్లు ఫోన్ జేస్తరేమో."

ఇవాళ శుక్రవారం. ఆ నాలుగో కాగితం, స్టాంపు లేకుండా, నా చొక్కా జేబులోనే ఉంది.